నల్ల గుండీ

"రేపిస్తా టైలర్" నవల: పదకొండో భాగం

పోయిన వారం కథను ఒక కారు తలుపు దగ్గర నిలిపి వచ్చాం. ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. అందులోంచి ముందు పొట్ట దిగింది. కాసేపటికి దాని వెనకాల రామ్‌చందర్ సారు దిగాడు.

దిగింది బూర్గంపాడు సెంటర్లో, వజీర్ టైలర్ దుకాణం ముందు. వజీర్‌కు డెబ్బై రెండేళ్లు. బట్టలెప్పుడిస్తావని అడిగిన ప్రతివాడికీ యాభై ఏళ్లుగా "రేపిస్తా" అనే చెబుతున్నాడు కాబట్టి ఊరు ఆయనకు ఆ పేరే ఖాయం చేసింది. ఆయన మనవరాలు ఆతియా. తెలుగు ఎమ్మే చదివింది, బీఈడీ చేసింది. ఇక్కడి ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. దానికి రేపు పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. ఆ పిల్ల తండ్రి పర్వేజ్, వంతెన దాటి భద్రాచలంలో రెడీమేడ్ బట్టలు అమ్ముకుంటాడు. మిషను కాలం అయిపోయిందని నాలుగేళ్ల కింద తండ్రి మొహం మీదే అని పోయాడు. అప్పటి నుంచి తండ్రీ కొడుకులకు మాటల్లేవు. కూతురితో మాత్రం అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడతాడు. మొన్న శుక్రవారం ఫోను చేసి, "మన ఖాందాన్‌ల నీ అంత తెలివి ఎవ్వరికి లేదు బేటా" అన్నాడు. పుట్టి ఇరవై అయిదేళ్లకు తండ్రి నోట విన్న మొదటి మెప్పు అది. ఆ పిల్ల రెండు రోజులు మిషను తొక్కుతూ కూనిరాగాలు తీసింది. ఈ సంగతి చెంగున ముడేసి ఉంచుకోండి, పని పడుతుంది.

ఇక రామ్‌చందర్ సారు. ఖమ్మంలో లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. రేపటి ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగే ముగ్గురిలో ఒకడు. సన్మానం అనే మాట వినబడితే చాలు, మెడ దానంతటదే ముందుకు వంగుతుంది. ఆయనకు కప్పిన శాలువాలన్నీ కలిపి కుడితే గోదారికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పందిరి వేయొచ్చు, ఇంకా మిగిలిన గుడ్డతో వంతెనకు గలేబు కుట్టొచ్చు.

రోజూ ఈ దుకాణం బల్ల మీద కూర్చునే ముసలివాణ్ని నేను, ఈ మాట అక్కడే అని ఉంటే నా పేరు మీద ఒక ఇత్తడి గుండీ పడేది. ఎందుకు పడేదో చెప్పాలంటే ఆట సంగతి చెప్పాలి.

ఆతియాకు పద్యాలు వస్తాయి, వ్యాకరణం వస్తుంది, అలంకారాల దగ్గరికొచ్చేసరికి మాత్రం బండి బురదలో దిగబడేది. పుస్తకంలో లక్షణం బట్టీ పట్టేది, ఉదాహరణ మార్చి అడిగితే బిక్కమొహం వేసేది. రెండు పోటీ పరీక్షలు ఆ నాలుగైదు మార్కుల దగ్గరే పోయాయి. ఏడు నెలల కింద ఒకరోజు పుస్తకం మూసి ఏడుస్తుంటే వజీర్ చూసి, ఏంది బేటా అది, దుకాణానికి వచ్చేటోళ్లు పొద్దంతా మాట్లాడేది గదే కదా అన్నాడు. ఆయనకు ఆ పేర్లు తెలియవు. యాభై ఏళ్లు మనుషుల మెడలు కొలిచినవాడికి మాటలు కొలవడం మాత్రం తెలుసు. గుండీల పెట్టె తెరిచి ఆట కట్టాడు.

వచ్చినవాడు ఏదైనా దేనితోనైనా పోల్చి, అదిలా ఉంది ఇదిలా ఉంది అన్నాడా, రేకు డబ్బాలో తెల్ల చొక్కా గుండీ వేయాలి. అది ఉపమ. పోల్చడం కూడా కాదు, అదే ఇది అనేశాడా, ఎర్ర గుండీ, రూపకం. కోతలు కోశాడా, ఇత్తడి గుండీ, అతిశయోక్తి. ఆట ఆడుతున్నట్టు మాట్లాడేవాడికి చెప్పకూడదు. దుకాణంలో ఉన్నంతసేపు తెలుగే మాట్లాడాలి. సాయంత్రం డబ్బా బోర్లించి, ఏ గుండీ ఎవరి ఏ మాటకు పడిందో ఆతియా అప్పజెప్పాలి. తప్పు చెప్పినన్ని గుండీలు ఆ రాత్రి ఉత్త గుడ్డపేలికకు కుట్టి, మళ్లీ ఊడదీయాలి.

మొదటి వారం ఆ పిల్ల వేళ్లన్నీ సూదిపోట్లే. ఆ తర్వాత మాట నోట్లో ఉండగానే గుండీ డబ్బాలో పడేది. నేనే ఒకసారి నా మానాన బల్ల మీద కూర్చుని, మా ముదిగొండ మిరపకాయ బండి ఖమ్మం మార్కెట్టుకు పోతుంటే ఎద్దులు తుమ్మి తుమ్మి కాడి విరగ్గొట్టాయనీ, దారిలో ఊళ్లవాళ్లు ఆ గాలికే మూడు రోజులు కారం లేకుండా కూర వండుకున్నారనీ జరిగింది జరిగినట్టు చెబుతుంటే, టప్పు టప్పున రెండు ఇత్తడి గుండీలు పడ్డాయి. నిజం చెప్పినవాడికి విలువ లేని దుకాణం అది.

నల్ల గుండీ రకం ఒకటి ఉంది. కోటుకు కుట్టేది, పెద్దది, బరువుది. అది వ్యాజస్తుతికి. పైకి పొగడ్త, లోపల తిట్టు. ఏడు నెలల్లో ఆ గుండీ ఒక్కసారే పడింది. మా దగ్గర తిట్టదలచుకున్నవాడు ఎదురుగానే తిడతాడు, అంత తిరుగుడు దారి పట్టడు. ఆ ఒక్కసారి కూడా కాజాలు కుట్టే సైదమ్మ పుణ్యమే. నాలుగు రోజులు కరెంటు లేక, అయిదో రోజు తీరిగ్గా వచ్చిన లైన్‌మన్‌తో, "నీ దయతోని ఆకాశంల సుక్కలన్నీ లెక్కబెట్టుకున్నం నాయినా, నువ్వు సల్లంగుండాలె" అంది. వాడు దండం పెట్టి పోయాడు కూడా.

సరే, ఆట తెలిసింది. ఇక సారును లోపలికి రానిద్దాం.

వచ్చాడు. వచ్చే నెల సన్మానానికి కోటు కావాలన్నాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి కటింగ్ బల్ల మీద పెట్టి, దాని గురించి తర్వాత మాట్లాడదాం అని రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. వజీర్ టేపు తీసుకున్నాడు. ఆతియా కొలతల బుక్కు పట్టుకుని, గుండీల పెట్టె పక్కన నిలబడింది. సైదమ్మ మూలన కాజాలు కుడుతోంది. నా సంగతి తెలిసిందే, బల్ల మీద.

మైకు లేకపోయినా ఆయన ఉపన్యాసం ఆగదు. తన వాక్కు గోదావరి వరదలాంటిదట. తెల్ల గుండీ పడింది. ఈ జిల్లా తెలుగుకు తాను దీపస్తంభమట. ఎర్ర గుండీ. తాను పద్యం ఎత్తుకుంటే అడవిలో నెమళ్లు పురి విప్పడం మరిచిపోయి చెవులు రిక్కిస్తాయట. ఇత్తడి గుండీ. నెమలికి రిక్కించే చెవులు ఎక్కడుంటాయో సారుకే తెలియాలి. ఈ చప్పుడు ఏమిటని అడిగాడు. మీ కోటుకు గుండీలు ఏరుతున్నా సార్ అంది ఆతియా. ఎక్కువే ఏరమ్మా, పెద్ద కోటు అన్నాడు. డబ్బా సగం నిండింది.

వజీర్ నడుం చుట్టూ టేపు తిప్పి, "నలభై నాలుగు" అన్నాడు. ఆతియా రాసుకుంది.

కొలతలు అయ్యాక సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతులో తేనె కలుపుకున్నాడు. ఇక్కడి నుంచి ఆయన మాటలు ఆయన మాటల్లోనే వినండి, నేను చెబితే నమ్మరు.

"వజీర్ భాయ్, నీ మనవరాలి దరఖాస్తు చూశాను. ఆశ్చర్యపోయాను. నలభై ఏళ్లు ఈ భాషకు ఊడిగం చేసిన నాబోటివాడికే తరగతి గదిలో అడుగుపెట్టాలంటే గుండె దడదడలాడుతుంది. ఈ అమ్మాయికి ఆ బెరుకు లేదు. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, అయినా తెలుగు చెబుతానని ముందుకొచ్చింది. అంతటి ధైర్యం చదువుకున్నవాళ్లకు రాదు, భాయ్. అది పుట్టుకతో రావలసిందే."

వజీర్ తల ఊపాడు.

"ఆ చేతులు చూడు. సూది ఎంత అందంగా ఒదిగిందో. మహారాణుల చేతులకు కూడా అంత అమరదు. ఆ చేతిని సుద్దముక్క పట్టించి పాడు చేయడానికి నా మనసు ఒప్పడం లేదు."

ఆ తర్వాత విషయానికి వచ్చాడు. ఈ ఏడాది ఆ పోస్టు తీసేస్తున్నారట. రేపటి ఇంటర్వ్యూ ఉత్త తంతేనట. పోయి ఓడిపోయి వస్తే పిల్ల పేరు మీద మచ్చ పడుతుందట. అందుకని, ఆతియా తన సొంత కారణాల వల్ల దరఖాస్తు వెనక్కు తీసుకుంటున్నట్టు ఈ కాగితం మీద ఒక సంతకం పెడితే, వచ్చే ఏడాది తాను దగ్గరుండి చూసుకుంటాడట.

వజీర్ కళ్లు తడిగా ఉన్నాయి. నేను ఆ మనిషిని యాభై ఏళ్లుగా ఎరుగుదును. గిరాకీ నోట్లోంచి మాట రాకముందే అది ఏ రంగు గుండీయో చెప్పగల ఘనుడు. అటువంటివాడు, ఆట తాను కట్టినవాడు, ఎదుటివాడు తన మనవరాలిని మహారాణి అనగానే బుద్ధి కత్తెర పక్కన పెట్టి కూర్చున్నాడు. దర్జీవాడికి ఉండే జబ్బే ఇది. ఊరందరి చొక్కాల్లో వంకర కనిపెడతాడు, తన చొక్కా తిరగేసి తొడుక్కుని పెళ్లికి పోతాడు.

జేబులోంచి పెన్ను తీశాడు వజీర్. "పెట్టు బేటా సంతకం. పెద్దమనిషి, మన మంచికే చెప్తుండు" అన్నాడు.

ఆతియా పెన్ను అందుకోలేదు. పెట్టెలో చేయి పెట్టింది. డబ్బాలో ఒక గుండీ వేసింది.

చొక్కా గుండీ పడితే టిక్కుమంటుంది. ఇత్తడిది పడితే గణగణమంటుంది. ఇది దబ్బుమని పడింది. డబ్బా కొద్దిగా కదిలింది కూడా. సైదమ్మ సూది ఆగిపోయింది. వజీర్ డబ్బా వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. నల్ల గుండీ చప్పుడు ఆయనకు తెలుసు. పెన్ను పట్టుకున్న చేయి గాలిలోనే నిలిచింది. ఆయన పెదవులు కదిలాయి. సారు అన్న మాటలన్నీ లోపల మళ్లీ ఒకసారి కొలుచుకుంటున్నాడని నాకు అర్థమైంది. చదువుకున్నవాళ్లకు రాని ధైర్యం అంటే ఏమిటి. సుద్దముక్క పట్టడానికి పనికిరాని చేయి అంటే ఏమిటి. పొగడ్తను తిరగేసి చూశాడు, లోపలి కుట్టు కనబడింది.

మొహం ఎర్రబడింది. పెన్ను జేబులో పెట్టుకుని మళ్లీ టేపు తీశాడు.

"సార్, ఒక్క కొలత మర్చిపోయిన. జర లేవుండ్రి" అన్నాడు.

సారు విసుక్కుంటూ లేచాడు. వజీర్ టేపు నడుం చుట్టూ తిప్పి, వేలు బిగించి పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"ఆ పోస్టు నిజంగనే తీసేస్తున్నరా సార్?"

"చెప్పాను కదయ్యా. నిన్ననే నిర్ణయమైపోయింది."

ఇక్కడ ఒక వృత్తి రహస్యం చెప్పాలి. నేను లావెక్కలేదు, పాత కొలతే వేసుకో అని చెప్పే ప్రతి గిరాకీ, ఆ మాట అనేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకుంటాడు. తనకు తెలియకుండానే పీలుస్తాడు. యాభై ఏళ్లుగా వజీర్ వేలి కింద అబద్ధం అనేది టేపు వదులు కావడమే.

"నలభై ఒకటి" అన్నాడు వజీర్, మనవరాలి కేసి చూసి. "రాసుకో బేటా. ఇందాక నలభై నాలుగు. ఇప్పుడు నలభై ఒకటి."

ఆతియా రాసుకుంది. సారుకు ఏమీ బోధపడలేదు. కానీ మూలనున్న సైదమ్మకు బోధపడింది. ఆమె దారం కొరికి, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"అవ్ సారూ, పోస్టే లేకపాయె గదా. మరి మీ మరదలి బిడ్డ సంగీత రేపు ఇంటర్వ్యూకని జాకెట్ ఎందుకు కుట్టిచ్చుకున్నది? జల్దీ కావాలె, పదింటికి పోవాలె అని నా పానం తీసింది. హుక్కులు నేనే పెట్టిన. నిన్న పొద్దుగూకంగ పట్కపోయింది."

సారు పొట్ట మళ్లీ నలభై నాలుగుకు వచ్చింది. టేపు ఇంకా నడుం చుట్టే ఉంది కాబట్టి అందరికీ కనబడింది. దీపస్తంభం ఒక్క గాలికి ఇంత రెపరెపలాడుతుందని నేను అనుకోలేదు.

ఆతియా డబ్బా తీసుకొచ్చి బల్ల మీద బోర్లించింది. సాయంత్రం అప్పజెప్పే పాఠం ఆ పూట ముందే అప్పజెప్పింది. తెల్ల గుండీ చూపి, వరదలాంటి వాక్కు సార్, ఉపమ అంది. ఎర్రది చూపి దీపస్తంభం, రూపకం అంది. ఇత్తడివి అరడజను ఉన్నాయి, నెమళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. చివరకు నల్లది తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది నన్ను పొగిడిన మాటకు సార్. వ్యాజస్తుతి. పరీక్షల రెండుసార్లు తప్పిన నేను దీన్ని. మీరు చెప్పినంక మల్ల ఎన్నడు తప్పను. ఇగ సుద్దముక్క అంటరా, నాకు నడక రాకముందే మా దాదా నా చేతిల పెట్టిండు. కొలత గీసుడు దానితోనే నేర్చుకున్న."

అప్పుడు చూడాలి సారును. నలభై ఏళ్ల గ్రాంథికం ఒక్క నిమిషంలో జారిపోయింది. తేనె పోయింది, అసలు భాష బయటికి వచ్చింది.

"గుండీలతోని అలంకారాలు నేర్చుకుంటరా? బట్టలు కుట్టుకునేటోళ్లకు కావ్యమెందుకు? రేపు నా ముందట కూసుంటవ్ గదా, పిల్లా. నీ నోట తెలుగు ఎట్ల వస్తదో నేను జూస్త."

"ఈ మాటకు మా పెట్టెల గుండీ లేదు సార్" అంది ఆతియా. "ఏ అలంకారం లేకుంట సాఫ్‌గ అన్నరు."

నాకు నవ్వు ఆగలేదు. ముసలివాడి నవ్వు దగ్గులా వినబడుతుంది కాబట్టి మర్యాద దక్కింది. సారు విసురుగా గుమ్మం వైపు నడిచాడు. నడుం చుట్టూ టేపు ఉన్న సంగతి మరిచిపోయాడు. రెండో కొస వజీర్ చేతిలోనే ఉంది. రెండడుగులు వేసి, తాడు కట్టిన దూడలా గుంజుకుని ఆగాడు. వజీర్ ఎంతో మర్యాదగా దగ్గరికి పోయి టేపు విప్పి, చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కోటు ఎప్పుడిస్తవ్?" అలవాటు చొప్పున అడిగాడు సారు, గుమ్మంలో.

"రేపు" అన్నాడు వజీర్.

కారు పోయింది. దుమ్ము దిగింది. సైదమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఛాయ్ చెప్పమంటారా అని అడిగింది. వజీర్ మనవరాలి ముందు నిలబడి, ఆమె తల మీద చేయి పెట్టాడు. నా చేతులతోనే నీ చేత సంతకం పెట్టించబోయినా బేటా అన్నాడు. పోనీ దాదా అంది. రేపు పదింటికి పోతున్న, ముగ్గుర్ల ఒక్కడే గదా ఆయన అంది. ఆ ఒక్కడు ఏం చేయగలడో మా అందరికీ తెలుసు, కానీ ఆ సాయంత్రం ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

కాగితం కటింగ్ బల్ల మీదే మిగిలిపోయింది. మందపాటి కాగితం, కాలరుకు నమూనా కత్తిరించడానికి పనికొస్తుందని వజీర్ కత్తెర అందుకున్నాడు. ఆతియా మడత విప్పింది. చదివింది. అడుగుకు వచ్చేసరికి ఆమె కళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆమె సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన "తండ్రి సమ్మతి" అని ఉంది. అది ఖాళీగా లేదు.

వజీర్ కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. ఆ సంతకాన్ని పోల్చుకోవడానికి ఆయనకు పేరు చదవాల్సిన పని లేదు. పేరు కింద చిన్న కత్తెర బొమ్మ ఉంది. ఈ దుకాణంలో బట్టల మూటల మీద సుద్దతో పేరు రాసి, కింద అట్లా కత్తెర గీయడం పర్వేజ్‌కు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. మిషనును తిట్టి, సూదిని తిట్టి వెళ్లిపోయిన కొడుకు ఆ గీత మాత్రం మరిచిపోలేదు.

సంతకం పక్కన తేదీ ఉంది. మొన్నటి శుక్రవారం.

ఆతియా చాలాసేపు ఆ తేదీ వైపే చూసింది. తర్వాత గుండీల పెట్టె దగ్గరికి నడిచింది. నల్ల గుండీ ఇంకొకటి తీసింది. "మన ఖాందాన్‌ల నీ అంత తెలివి..." అని మెల్లగా, తనలో తాను, ఒక్కొక్క మాటా విడదీసి పలికింది. ఆ మాటను రెండు రోజులు పాటలా పాడుకున్న గొంతే అది. గుండీ డబ్బా మీదకు తెచ్చింది. వేయలేకపోయింది. వెనక్కు తీసుకోలేకపోయింది.

అప్పుడు బల్ల మీద ఆమె ఫోను మోగింది. తెర మీద "అబ్బా" అని తండ్రి నంబరు వెలిగింది.

ఆతియా కదల్లేదు. నాలుగు మోతలు మోగింది. నాలుగేళ్లుగా కొడుకు పేరు పెదవి మీదికి రానివ్వని వజీర్ చేయి చాపి ఫోను తీసుకున్నాడు. స్పీకర్ నొక్కి, రేకు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు.

"చెప్పు పర్వేజ్" అన్నాడు. "నీ బిడ్డ ఇంటున్నది. నేను గూడ ఇంటున్న. మెల్లగ చెప్పు."

అవతల ఊపిరి వినబడింది. ఆతియా గుండీ పట్టుకున్న చేయి డబ్బా మీద అట్లాగే ఉంచింది.